ముసలి ఏనుగు మేత

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. పెద్ద కార్ల విషయంలో ఆ మాట చెల్లదు. 60 లక్షలు పోసి కొన్న కారు పన్నెండేళ్లకి ఆరేడు లక్షలకి దిగిపోతుంది. మేత మాత్రం 60 లక్షల ఏనుగు మేతే! విడిభాగాల ధరలు మన కారు ఈరోజు ఎంతకి పోతుందో చూసి పెట్టరు కదా.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న వాదన ఇదే. మా వారి జర్మనీ కారుకి ఎయిర్ సస్పెన్షన్ పోయింది. మామూలు కార్లకి ఇనుప స్ప్రింగులుండే చోట దీనికి గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. ఏళ్లు గడిచేసరికి ఆ రబ్బరు పగులుతుంది. రాత్రి నిలిపిన కారు తెల్లారేసరికి ఒక మూలకి కుంగిపోయి కనిపిస్తుంది. కారిపోయే గాలిని నింపీ నింపీ కంప్రెసర్ కూడా పాడవుతుంది. అన్నీ కలిపి 3 లక్షలన్నారు. అరుగుదలకి ఇన్సూరెన్స్ రాదు.

"కారు ఖరీదులో సగం రిపేరుకా? అమ్మేసి కొత్తది తీసుకుందాం" అంటారు మా వారు.

నేను ఒప్పుకోను. రిపేరు ఖర్చుని పాత కారు ధరతో కాదు, కొత్త కారు ఏటా మింగేదానితో పోల్చాలి. ఇన్సూరెన్స్ వాళ్ల తరుగు లెక్కే తీసుకోండి. ఏడాది తిరిగేసరికి 15 శాతం, ఐదేళ్లకి 50 శాతం. అంటే 50 లక్షల కారు మీద ఐదేళ్లలో 25 లక్షలు ఆవిరి. ఏడాదికి 5 లక్షలు. లోను వడ్డీ, లైఫ్ ట్యాక్సు, ప్రీమియం వేరే. పైగా మా వాడి ఇంజినీరింగ్ ఇంకా రెండేళ్లుంది.

అలాగని ఎంతైనా పోసి బాగు చేయించమని కాదు. ఇవాళ సస్పెన్షన్, రేపు గేర్‌బాక్సు అనే భయం నాకూ ఉంది. అందుకే గత మూడేళ్ల బిల్లులన్నీ తీసి కూడాను. ఏడాదికి సగటున లక్ష దాటలేదు. ఇంజను బాగుంది. బ్రేకులు, స్టీరింగ్ మీద అనుమానం వస్తే మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు, మనుషులు కూర్చునే బండి అది. 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ మళ్లీ వేయించుకోవాలి. దానికింకా మూడేళ్లుంది.

అసలు సంగతి వేరే ఉందనుకోండి. మా చెల్లెలి భర్త మొన్న దసరాకి కొత్త కారు కొన్నాడు. ఆ మాట మా వారు పైకి అనరు, మైలేజీ గురించి మాట్లాడతారు. పరువు కోసం కొనడం తప్పని నేను అనను. ఆడవాళ్లం నగలు కొనేది ఎందుకని? కానీ ఆ ఖర్చుని పరువు పద్దులోనే రాయాలి, "రిపేరు కంటే ఇదే లాభం" అని రాయకూడదు.

షోరూము కాకుండా బయట ఒక మంచి మెకానిక్‌ని అడిగాం. కంపెనీకి సరుకు చేసిచ్చేవాళ్లదే, కారు కంపెనీ ముద్ర లేని సామాను వేసి 1 లక్షా 70 వేలలో చేస్తానన్నాడు. దానికి సరేనన్నాను. రెండేళ్లలో గేర్‌బాక్సు గానీ మొరాయిస్తే అమ్మేసి, 15 లక్షల్లో మామూలు కారు కొందామని కూడా చెప్పాను. మొదటి దానికి మా వారు తలూపారు. రెండోదానికి ఇంకా ఏమీ అనలేదు.