కొండ దిగితేనే చదువా?

మొన్న సంతరోజు సాయంత్రం మా వీధి చివరి ఇంటి పిల్ల ఓ రేకుపెట్టె కొనుక్కొచ్చింది. నీలం రంగుది. వాళ్లమ్మ అందులో సామాను సర్దుతుంటే నేను అరుగు మీద కూర్చుని చూశాను. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో చుట్టి అడుగున పెట్టింది. వాటి మీద రెండు జతల బట్టలు, దుప్పటి, చోడిపిండి మూట, చింతపండు, ఎండుమిరపకాయలు, ఓ సబ్బు. మూత పడకపోతే మోకాలితో అదిమింది. పిల్ల నావైపు తిరిగి, "గిరిజన యూనివర్సిటీ అంటే మన కొండమీదే ఎక్కడో ఉంటాదనుకున్నాను మాస్టారూ, విజయనగరం పోవాలంట కదా" అంది.

ఆ మాట ఈ వారమంతా నన్ను పట్టుకుని వదల్లేదు. పద్దెనిమిదేళ్ల పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది?

2014 విభజన చట్టం రెండు రాష్ట్రాలకూ చెరొక గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామంది. మన వాటాది 2019లో పార్లమెంటు చట్టసవరణతో వచ్చింది. అదే ఏడాది విజయనగరం పక్కన కొండకరకంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ల పాత ప్రాంగణంలో తాత్కాలికంగా తరగతులు మొదలయ్యాయి. సొంత ప్రాంగణానికి మొదట అనుకున్న చోటు కొత్తవలస మండలం రెల్లి. అది విశాఖ శివారుకు కూతవేటు దూరం. తర్వాత మనసు మార్చుకుని దత్తిరాజేరు మండలం మర్రివలస దగ్గరికి తీసుకెళ్లారు. శంకుస్థాపన జరిగింది 2023 ఆగస్టు 25న. అంటే 2019లో పీజీలో చేరిన పిల్లలు సొంత క్యాంపస్‌కు పునాదిరాయి కూడా పడకముందే పట్టా పుచ్చుకుని వెళ్లిపోయారు. ఆ పిల్లలకు విశ్వవిద్యాలయమంటే నాలుగు గదుల జ్ఞాపకం. చెట్టుకింద కూర్చుని వాదించుకున్న సాయంత్రాలూ, రాత్రి పదిదాకా తెరిచి ఉండే గ్రంథాలయమూ, సొంత ఆటస్థలమూ వాళ్ల వంతుకు రాలేదు.

అంతకంటే నన్ను బాధించేది ఇంకోటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు పాత విజయనగరం జిల్లా ఏజెన్సీ మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. మా పాడేరు, అరకు, చింతపల్లి, గూడెం అల్లూరి జిల్లా అయ్యాయి. కొండలన్నీ అటూ ఇటూ పోయాక గిరిజన విశ్వవిద్యాలయం మాత్రం విజయనగరం జిల్లాలో మిగిలిపోయింది. అల్లూరి జిల్లాలో నూటికి ఎనభైమందికి పైగా గిరిజనులం. ఆ ఎనభైమంది బిడ్డలు గిరిజనుల పేరుతో పెట్టిన చదువుకోసం చింతపల్లి, నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా బస్సులు మారుతూ, పెట్టె కాళ్లమధ్య పెట్టుకుని, చీకటితో బయల్దేరి పొద్దుగూకే వేళకు చేరాలి.

కొండమీద పెడితే ప్రొఫెసర్లు రారంటారు. రైలు లేదు, విమానాశ్రయం లేదు, రోడ్లు బాగుండవంటారు. ఈ మాట వింటే మా మండలంలోనే ఉన్న సీలేరు గుర్తొస్తుంది. 1960ల చివర్లో, ఇప్పుడున్న రోడ్లలో సగం కూడా లేనప్పుడు, ఆ అడవిలోకి టర్బైన్లు ఎక్కించారు. ఇంజినీర్లు వచ్చారు, కాపురాలు పెట్టారు. ఎగువ సీలేరు ఇవాళ 240 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం. కరెంటు కావలసి వచ్చినప్పుడు ఎక్కగలిగిన కొండ, చదువు చెప్పవలసి వచ్చేసరికి ఎక్కలేనిదైపోతుందా? అంతకుముందు తెల్లదొరల కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మా తాతలచేత వెట్టి చేయించి ఈ కొండల్లో రోడ్లు వేయించాడు. 1922 మన్యం తిరుగుబాటుకు ఆ వెట్టి ఒక కారణం. కొండకు రోడ్డు వేయలేమని ఆనాటి సర్కారు కూడా అనలేదు.

మధ్యప్రదేశ్‌లో ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం 2008లో అమరకంటకంలో మొదలైంది. నర్మద పుట్టే కొండ అది. మహానగరం పక్కన లేదు. అక్కడికి పిల్లలూ వెళ్తున్నారు, అధ్యాపకులూ వెళ్తున్నారు. తెలంగాణకు దక్కిన సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయాన్ని ములుగులో పెట్టారు, అడవి బిడ్డల గడపలో. మనదొక్కటే దిగువకు జారింది. పాడేరులో వైద్య కళాశాల రాలేదా? చింతపల్లిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఏళ్లుగా నడవడం లేదా? శివారులో పెడితే చుట్టూ ఊరు పెరుగుతుందని ఇంకొందరి వాదన. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు గుట్టల మీదికి వెళ్లింది. నగరం దాని చుట్టూ అల్లుకుంది. విశ్వవిద్యాలయం ఊరిని పెంచుతుందన్న మాట నిజమే అయితే ఆ పెరుగుదల మా పాడేరుకో చింతపల్లికో ఎందుకు దక్కకూడదు?

సరే, మర్రివలసలో కడుతున్నారు. కట్టనివ్వండి. కట్టేవాళ్లకు నేను చెప్పేదొక్కటే, ముందు హాస్టళ్లు కట్టండి. పరిపాలనా భవనం, ముఖద్వారం, అతిథి గృహం తర్వాత. ఎప్పుడు కలం పట్టినా ఈ మాట దగ్గరికే వస్తానని నా పాఠకులకు తెలుసు, మళ్లీ వస్తాను. మైదానం పిల్లలకు హాస్టలంటే ఒక సదుపాయం. మా పిల్లలకు అది లేకపోతే బడే లేదు. మూడో తరగతిలో ఆశ్రమ పాఠశాలకు వెళ్లిన పిల్ల పండగలకు తప్ప ఇంటి ముఖం చూడదు. రూపాయి పెట్టి గది అద్దెకు తీసుకోగల స్తోమత ఎవరికుంది? కులం అడిగి గది లేదనే ఊళ్లలో అద్దెకు ఇచ్చేదెవరు?

నేను డిగ్రీకి దిగువనున్న ఓ పట్నం కాలేజీలో చేరినప్పుడు హాస్టల్లో సీటు రాలేదు. ఇరవై రోజులు వరండాలో పడుకున్నాను. పగలు పెట్టెను వాచ్‌మన్ గదిలో దాచుకునేవాణ్ని. ఇరవయ్యొకటో రోజు జ్వరమొచ్చింది, చలిజ్వరం. మా కొండజ్వరం సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. నాతో చేరిన మా వాళ్లు ముగ్గురిలో ఇద్దరు దసరాకు ఇంటికొచ్చి మళ్లీ వెళ్లలేదు. వాళ్లిద్దరూ నాకంటే తెలివైనవాళ్లు. ఒకడు ఇప్పుడు పక్క ఊళ్లో కాఫీతోట చూసుకుంటున్నాడు.

అందుకే హాస్టల్లో ఒక నర్సు ఉండాలంటాను. మలేరియా, సికిల్ సెల్ తెలిసిన నర్సు. వారానికి ఒకసారైనా చోడంబలి పెట్టాలంటాను. ఇటుకల పండగకు సెలవివ్వాలంటాను. చైత్రంలో ఊరంతా వేటకెళ్లి, దింసా ఆడే రోజుల్లో పరీక్షలు పెడితే పిల్ల మనసు పుస్తకం మీద ఎలా నిలుస్తుంది?

ఇంతా చదివి వచ్చాక ఏముంది? ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. దానికి బదులు చట్టం తెస్తామని అన్ని పార్టీలవాళ్లూ మా సంతల్లో మైకు పట్టుకుని చెప్పారు. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు మన్యం బంద్ చేసింది. మా భాషలు రాని టీచరు ఒకటో తరగతి పిల్లాడికి కువి మాట్లాడే ఇంట్లోంచి తెలుగు బడిలోకి దారి ఎలా చూపిస్తాడు? ఆ పిల్లాడు అక్కడే ఆగిపోతే మర్రివలస హాస్టల్లో మంచం ఎవరికోసం వేస్తారు? విశ్వవిద్యాలయం గురించి అడిగేవాళ్లంతా జీవో 3 గురించి కూడా అడగాలి. రెండూ ఒకే దారిలో రెండు గుంతలు.

పిల్ల మర్నాడు పొద్దున్నే వెళ్లింది. మంచు ఇంకా విడలేదు. వాళ్ల నాన్న పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా నడిచాడు. కండక్టరు టాపు మీద వేయమన్నాడు. అందులో సర్టిఫికెట్లు ఉన్నాయని వాళ్లమ్మ ఒప్పుకోలేదు. చివరికి పిల్ల దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

– గూడెం మాస్టారు