పొదుపు యాత్రలో చేయరాని పొదుపు

ఈనాటి యువతీయువకులు వీపుకొక సంచి తగిలించుకొని, స్వల్ప వ్యయంతో సముద్రతీర విహారాలు చేస్తున్నారు. పెద్దలలో కొందరు దీనిని దుబారా అని, మరికొందరు దుడుకుతనమని నిందిస్తారు. నేను ఆ మాట అనను. దేశాటనం బుద్ధిని వికసింపజేస్తుంది. అయితే యాత్రలో పొదుపు ఎక్కడ ఆగవలెనో చెప్పడం వైద్యునిగా నా ధర్మం.

2025 జనవరిలో మా అన్నగారి మనవరాలు తన స్నేహితులతో అండమాన్ దీవులకు వెళుతూ నన్నూ రమ్మన్నది. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, వరుస మంచాల గదులున్న ఒక చవక వసతిలో దిగాము. మరునాడు ఉదయం తొమ్మిది గంటలకు ఇరవై మందితో కలిసి పడవ ఎక్కాము. 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేరు పెట్టిన రాస్ దీవిని, పగడాలకు పేరొందిన నార్త్ బేను చూపి తీసుకువచ్చే ఉమ్మడి విహారమది. మాను వేళ్లు అల్లుకున్న బ్రిటిషువారి శిథిల భవనాలనూ, నిర్భయంగా తిరుగాడే జింకలనూ చూచి పిల్లలు మురిసిపోయారు.

అక్కడి ఎండ విషయం ఒకటి చెప్పాలి. ఆ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం దేశమంతటికీ ఒక్కటే. కనుక అక్కడ మిట్టమధ్యాహ్నం మనకంటే సుమారు 40 నిమిషాల నుండి గంట దాకా ముందుగానే వస్తుంది. పదకొండు గంటలకు ఇంకా పొద్దున్నే అనుకుంటూ యాత్రికులు పిత్తం ప్రకోపించే వేళలో ఇసుకపై తిరుగుతుంటారు. దేహం అడిగేది నీటినే.

ఆ ఊళ్లో తెలుగువారు చాలామంది ఉన్నారు. దీవిలో కొబ్బరి బోండాలు అమ్మే ఆయన తెలుగులోనే పలకరించి ఒకటి కొట్టి ఇవ్వబోతే, మా పిల్ల వద్దన్నది. డబ్బు మిగుల్చుకుంటున్నది కాబోలు అనుకున్నాను. మరునాటి సాయంత్రానికి చలిజ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, మూత్రంలో మంట. అప్పుడు చెప్పింది: "పడవలో మరుగుదొడ్డి లేదు చిన్న తాతయ్యా. అందరి ముందూ ఒడ్డుకు పట్టమని ఎలా అడగను? అందుకే మూడు రోజులుగా బయలుదేరే ముందు నీళ్లు మానేస్తున్నాను." ఆ బిడ్డ పొదుపు చేసినది డబ్బును కాదు, నీటిని.

చలిజ్వరంతో పాటు నడుము నొప్పి ఉన్నప్పుడు రోగం మూత్రపిండాల దాకా పాకిందేమో చూడాలి. ధనియాల నీటితో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాను. పరీక్ష చేసి మందులిచ్చారు. కొద్ది రోజులలో కోలుకున్నది.

చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం ఆపరాని వేగాలను పదమూడింటిని చెబుతుంది. మూత్రం, దప్పిక, ఆకలి, నిద్ర, వాంతి అందులోనివే. మూత్రవేగాన్ని ఆపితే వస్తిలో నొప్పి, మూత్రకృచ్ఛ్రం, తలనొప్పి కలుగుతాయి. స్త్రీల మూత్రమార్గం పొట్టిది కనుక సూక్ష్మజీవులు మూత్రాశయానికి సులభంగా చేరుతాయని ఆధునికులూ చెబుతారు. గురుకులంలో ఈ అధ్యాయాన్ని కంఠస్థం చేసిన నేను పడవవానిని భోజనం గూర్చి అడిగాను, రక్షణ కవచాల గూర్చి అడిగాను. ఈ ఒక్కటి అడగలేదు. ఆ తప్పు నాది. మగవాడు ఏ చెట్టు చాటుకో పోగలడు గనుక ఆ ప్రశ్న నాకు తోచలేదు.

కావున యాత్రికులకు నా సలహాలు ఇవి. డబ్బు చెల్లించక ముందే, పడవలో మరుగుదొడ్డి ఉన్నదా, లేకుంటే ఎన్ని గంటలకొకసారి ఆపుతారు అని అడగండి. ఆ ప్రశ్న ఆడపిల్లలకు వదలక జట్టులోని పెద్దవారు, మగపిల్లలు అడగాలి. ధనియాలో జీలకర్రో వేసి కాచి చల్లార్చిన నీటిని సీసాలో ఉంచుకొని, దప్పిక కోసం వేచి చూడక కొద్దికొద్దిగా త్రాగండి. పడవ ఎక్కే అరగంట ముందు చిటికెడు శొంఠి పొడిని బెల్లంతో తీసుకుంటే కడుపులో త్రిప్పట తగ్గుతుంది. ఖాళీ కడుపుతోనూ, నిండు కడుపుతోనూ ఎక్కవద్దు. వాంతి వస్తే బిగబట్టవద్దు. సముద్రస్నానం కాగానే తడిబట్టలు మార్చుకోండి. మూత్రంలో మంట మాత్రమే ఉన్నా, అది ఒక రోజులో తగ్గకుంటే వైద్యునికి చూపించండి. జ్వరం, నడుము నొప్పి, మూత్రంలో రక్తం కనిపిస్తే, గర్భిణి అయితే, ఒక్క పూట కూడా ఆగవద్దు.

విహారం నడిపేవారికీ ఒక మాట. రక్షణ కవచం ఎంత అవసరమో, మరుగుదొడ్డి గల చోట పడవ నిలపడమూ అంతే అవసరం. అది సౌఖ్యం కాదు, ఆరోగ్యం.

అదే అధ్యాయంలో ఆపుకోవలసిన వేగాలనూ చరకాచార్యులు చెప్పారు. వాటిలో లోభం ఒకటి. ఒక్క రోజులో అన్ని దీవులూ చూడవలెననే లోభాన్ని ఆపుకోండి. దేహం అడిగేదాన్ని మాత్రం ఆపకండి.