ఐరన్ మాత్రలు మింగితే షుగర్ వస్తుందా? పారేసే ముందు, మింగే ముందు ఇది చదవండి



"ఒంట్లో ఐరన్ ఎక్కువైతే షుగర్ వస్తుందంట" అనే మాట విని కొంతమంది ఆశా కార్యకర్త ఇచ్చిన మాత్రలు మూలన పడేస్తున్నారు. ఇంకో పక్క, కాస్త నీరసం అనిపిస్తే చాలు, పరీక్ష లేకుండా ఐరన్ టానిక్ తెచ్చుకుని నెలల తరబడి తాగే మగవాళ్ళూ ఉన్నారు. నా లెక్కలో రెండూ తప్పే.

మనకు తెలిసిన పొలం సంగతే చూడండి. వేరుశనగలో లేతాకులు పసుపు తిరిగి తెల్లబడితే ఇనుము లోపమని అన్నభేది, నిమ్మఉప్పు కలిపి కొడతాం. అదే ఇనుము నీళ్ళు నిలిచే నేలలో వరికి ఎక్కువైతే ఆకుల మీద తుప్పు మచ్చలొచ్చి పైరు ఎదగదు. ఆశా ఇచ్చే మాత్రలో ఉండేదీ మందుగా శుద్ధి చేసిన అన్నభేదే. ఫెర్రస్ సల్ఫేట్ అంటారు.

మనిషి ఒంట్లో ఇనుము మొత్తం 3, 4 గ్రాములుంటుంది. రోజుకు పోయేది 1 మిల్లీగ్రాము అటూఇటూ, ఆడవాళ్ళకు నెలసరిలో ఇంకొంత. ఎక్కువైన దాన్ని బయటికి తోసే దారి ఒంటికి లేదు. మామూలుగా పేగులే కావలసినంత పీల్చుకుని మిగతాది వదిలేస్తాయి. ఆ అదుపు తప్పితే ఇనుము కాలేయంలో, క్లోమంలో పేరుకుంటుంది. ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలోనే. తలసీమియా పిల్లలకు మాటిమాటికీ రక్తం ఎక్కిస్తారు కదా, అలా చేరిన ఇనుము వల్ల వాళ్ళలో కొందరికి షుగర్ వస్తుంది. అందుకే ఇనుమును బయటికి తీసే మందులు వాడతారు.

మరి మామూలు మనుషుల మాటేంటి? ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో ఫెరిటిన్ పరీక్ష చెబుతుంది. అది ఎక్కువున్న వాళ్ళలో టైప్ 2 షుగర్ ఎక్కువగా కనిపిస్తోందని చాలా పరిశోధనల్లో తేలింది. కానీ ఫ్యాటీ లివర్, మద్యం, ఒంట్లో వాపు ఉన్నా ఫెరిటిన్ పెరుగుతుంది. కాబట్టి తప్పంతా ఇనుము మీదే వేయలేం.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తం తక్కువైన గర్భిణికి కాన్పు ప్రాణం మీదికి తెస్తుంది. పుకారు విని అలాంటి ఆడమనిషి మాత్రలు మానేస్తే నష్టం ఎవరికి?

ఇంకో చిక్కుంది. ఇనుము లోపం ఉన్నప్పుడు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. కాబట్టి రక్తం తక్కువుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

నేను చెప్పేది ఇంతే. గర్భిణులు, పిల్లలు, రక్తం తక్కువని తేలినవాళ్ళు మాత్రలు మానొద్దు. మాత్ర వేసుకునే ముందూ తర్వాతా గంటసేపు టీ తాగొద్దు, ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మరసం మంచిది. తలసీమియా ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెబితేనే వాడాలి.

మగవాళ్ళు, ముట్లుడిగిన ఆడవాళ్ళు హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకోకుండా టానిక్ ముట్టొద్దు. ఆ నీరసం షుగర్ వల్లే కావచ్చు. రక్తం నిజంగా తగ్గిందంటే మొలలో, కడుపులో పుండో, ఎక్కడ పోతోందో ముందు కనుక్కోవాలి. కారణం తెలియకుండా టానిక్ తాగితే అసలు జబ్బు లోపలే ముదురుతుంది.

ఎకరం నేలకు ఏం ఎరువు వేయాలో తెలుసుకోవడానికి మట్టి పరీక్ష చేయించమని ఒకరికొకరం చెప్పుకుంటాం. ఒంటికి ఆ మాత్రం పరీక్ష అక్కర్లేదా? ఫోన్ చూడని ఆడవాళ్ళకు ఇది చదివి వినిపించండి.