మార్కులు ఉచ్చారణకా, వాదనకా?

ఉన్నత పాఠశాలల్లో జరిగే వక్తృత్వ, చర్చా పోటీలు ప్రతిభకు సమాన వేదికలని అంటారు. వేదిక అందరికీ ఒకటే. దాన్ని చేరే మెట్లు మాత్రం ఒకటి కావు.

హిందూపురం ముస్లిం బాలుడు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతాడు, వీధిలో కన్నడం వింటాడు, బడిలో తెలుగు చదువుతాడు, చివరికి పోటీలో ఇంగ్లీషులో వాదించాలి. ధర్మవరంలో మగ్గమే ఆధారమైన ఇళ్లలో పిల్లల సాయంకాలాలు పనికే చెల్లిపోతాయి. పెనుకొండ పరిసర గ్రామాల నుంచి ఆడపిల్ల పోటీకి పట్టణం వెళ్లాలంటే వెంట ఒకరు ఉండాలి, ఆ రోజు కూలి వదులుకోవాలి. వీరికి ఎదురుగా నిలిచేది ప్రత్యేక శిక్షణ పొందిన కార్పొరేట్ పాఠశాల విద్యార్థి.

ఇక తీర్పు సంగతి. 'ణ', 'ళ' పలకడంలో నాలుక తడబడితే సభలో నవ్వు లేస్తుంది, మార్కులు తగ్గుతాయి. ఆ పిల్లవాడు చెప్పిన హేతువును ఎవరు తూచారు? ఫిరౌన్ దర్బారుకు వెళ్లే ముందు మూసా ప్రవక్త (అలైహిస్సలాం) తన నాలుక ముడిని విప్పమని, సోదరుడు హారూన్‌ను తోడుగా ఇమ్మని అల్లాహ్‌ను వేడుకున్నారు. సత్యం అనర్గళ వాక్కుకే పరిమితం కాదనడానికి ఇంతకు మించిన నిదర్శనం ఏముంది?

ఇది మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలో జాతి వివక్ష రాజ్యమేలిన 1935లో, టెక్సాస్‌లోని నల్లజాతి వారి వైలీ కళాశాల జట్టు నాటి జాతీయ విజేతలైన సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ జట్టును వాదనలో ఓడించింది. వారి వెనుక మెల్విన్ టాల్సన్ అనే అధ్యాపకుని కఠోర శిక్షణ ఉంది. అవకాశం, శిక్షణ అందితే ప్రతిభకు జాతి అడ్డు కాదని ఆ గెలుపు చాటింది.

మన రాష్ట్రంలో 2022లో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా లభించింది. ఉర్దూ మహావక్త మౌలానా ఆజాద్ జయంతి నవంబరు 11ను జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ గౌరవం ఒక్క రోజు సభతో ముగిసిపోరాదు. మండల, జిల్లా స్థాయి పోటీలన్నింటిలో ఉర్దూలో వాదించే అవకాశం, ఉర్దూ తెలిసిన న్యాయనిర్ణేత ఉండాలి. ఉచ్చారణకు కొద్దిపాటి మార్కులు చాలు, అధిక భాగం వాదనలోని హేతువుకే దక్కాలి. బాలికలకు ప్రయాణ ఖర్చు పాఠశాలే భరించాలి.

ప్రభుత్వాన్ని అడిగి ఊరుకుంటే చాలదు. మసీదు కమిటీలు, అంజుమన్లు ఆదివారం రెండు గంటలు కేటాయించి, ఒక దినపత్రిక సంపాదకీయంపై అనుకూల, ప్రతికూల వాదనలు పిల్లల చేత చేయించాలి. విశ్రాంత ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఈ భారం తలకెత్తుకోవాలి. ఆడపిల్లలకు అందులో సగం స్థానాలు ఉండి తీరాలి.

ఇది బహుమతి కప్పుల కోసం చెబుతున్న మాట కాదు. రేషన్ కార్డు కోసమో, ఉపకార వేతనం కోసమో కార్యాలయం కిటికీ ముందు నిలబడి, నిబంధన చూపి, 'ఇది నా హక్కు' అని అడగగల తరం ఈ వేదికల మీదే తయారవుతుంది.