చర్చిలో కాపురమా?

పుట్టిల్లు అమ్మేశాక ఆ వీధిలోంచి వెళ్లాల్సి వస్తే తల తిప్పుకుని నడిచే ఆడవాళ్లు మనలో ఎందరో! గుమ్మం అదే, లోపల మనుషులు వేరు.

అమెరికాలోని బోస్టన్‌లో హోలీ ట్రినిటీ చర్చి సంగతీ అంతే. జర్మనీ నుంచి వలస వచ్చిన కాథలిక్కులు 1870లలో కట్టుకున్న రాతి కట్టడమది. 2008లో మూతపడింది. తర్వాత బిల్డర్ల చేతికి వెళ్లింది. బయటి రాతి గోడలు, గోపురం అలాగే ఉంచి, లోపలి నుంచి గాజు అంతస్తులు పైకి లేపారు. ఇప్పుడక్కడ 33 ఖరీదైన ఫ్లాట్లు!

అమ్మడమే తప్పని నేననను. వచ్చే జనం తగ్గిపోతే, చలిదేశంలో అంత పెద్ద హాలును వెచ్చగా ఉంచడం, కప్పు కారకుండా చూసుకోవడం మాటలా? దీపం పెట్టే దిక్కు లేక కూలిపోవడం కన్నా నలుగురు కాపురముండడమే నయం.

కానీ అడగాల్సిన వాళ్లను అడగొద్దా? 2004లో బోస్టన్ ప్రాంతంలో పదుల సంఖ్యలో చర్చిలను మూసేస్తామని ప్రకటించారు. సిచుయెట్ అనే ఊళ్లో సెయింట్ ఫ్రాన్సెస్ కాబ్రిని చర్చి భక్తులు తాళం పడనివ్వలేదు. వంతులేసుకుని రాత్రింబగళ్లు లోపలే కాపలా కాశారు. ఒకటి రెండు రోజులు కాదు, 11 ఏళ్లకు పైగా! చివరికి కోర్టుల్లో ఓడి 2016 మేలో బయటికొచ్చారు. ఆస్తి కాగితాల్లో వాళ్ల పేర్లు లేవు మరి!

ఇది మనకు కొత్తా? ఇంటి కోసం గాజులమ్మి ఇచ్చినా దస్తావేజులో మన పేరుండదు. అమ్మేటప్పుడు మనల్ని అడిగేవాళ్లూ ఉండరు.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 13వ శతాబ్దపు డొమినికన్ చర్చిని 2006లో పుస్తకాల షాపు చేశారు. పుస్తకం కొన్నా కొనకపోయినా ఎవరైనా లోపలికెళ్లి, తలెత్తి ఆ కమానులు చూడొచ్చు. ఫ్లాట్లయితే తాళంచెవి ఉన్నవాళ్లకే ఆ భాగ్యం.

ఫ్లాట్లే కట్టుకోండి, కాదనను. ఒక్క గది మాత్రం అందరికీ తెరిచి ఉంచండి. అక్కడ పెళ్లి చేసుకున్న ముసలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి కాసేపు కూర్చునేందుకు. డబ్బిచ్చి గోడలు కొనుక్కోవచ్చు గానీ, ఆమె జ్ఞాపకాలకు రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయిస్తారు?