ముద్ర ఉంటే నిజమైపోతుందా?

నేను బి.కాం. చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. కంప్యూటర్ విషయాల్లో సలహాలిచ్చే అర్హత నాకు లేదు. కానీ ఈసారి తప్పు చేసింది నేనే కాబట్టి రాస్తున్నాను.

మన దగ్గర చేతబడి చేసిందని ఆడదాన్ని కొట్టినట్టే, ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో "టోనహీ" అని ముద్ర వేసి హింసిస్తారు. దీన్ని ఆపడానికి 2005లో టోనహీ ప్రతాడన నివారణ చట్టం వచ్చింది. రాయ్‌పూర్‌లోని మన తెలుగువాళ్ళకి తెలియాలని ఫేస్‌బుక్‌లో ఒక పోస్టరు పెట్టాను. వికీపీడియా నుంచి రెండు పేరాలు తీసుకుని తెలుగు చేశాను. జనం నమ్ముతారని పైన వికీపీడియా లోగో అతికించాను. కింద ఆవేశం కొద్దీ నా మాట ఒకటి కలిపాను: "టోనహీ అన్నవాడికి యావజ్జీవ శిక్ష!"

తెలిసిన కుర్రాడొకడు అడిగాడు, "అంకుల్, ఇది వికీపీడియాలో ఎక్కడుంది?" అని.

చట్టం తీసి చూశాను. ఒకరిని టోనహీ అని వేలెత్తి చూపితే మూడేళ్ళ వరకు, హింసిస్తే అయిదేళ్ళ వరకు కఠిన కారాగారం. యావజ్జీవం లేనేలేదు. "నాసా చెప్పింది" అంటూ పుకార్లు పంపేవాళ్ళని చూసి మనం నవ్వుతాం కదా, నేను చేసిందీ అదే!

"వికీపీడియా అందరిదీ కదా, లోగో వాడితే ఏం?" అని ఒక మిత్రుడు నన్ను వెనకేసుకొచ్చాడు. ఇక్కడే మనం పొరబడుతున్నాం. వికీపీడియా వ్యాసాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అయితే ఎక్కడి నుంచి తీసుకున్నామో, ఏం మార్చామో చెప్పాలి. మార్చినదాన్ని అదే లైసెన్సు కింద ఇతరులకూ ఇవ్వాలి. లోగో సంగతి వేరు. 2014లో వికీమీడియా ఫౌండేషన్ తన లోగోల కాపీరైటును కూడా ఇలాగే వదిలింది గానీ, ట్రేడ్‌మార్కు హక్కు వదులుకోలేదు. అంటే "వికీపీడియా నుంచి తీసుకున్నాను" అని రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నా మాటను వికీపీడియా మాటగా చూపించే హక్కు మాత్రం నాకు లేదు.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే తగువు జరిగింది. ఫైర్‌ఫాక్స్ కోడు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. కానీ తమ ఆమోదం లేని మార్పులు చేసి అదే పేరు పెట్టకూడదని 2006లో మొజిల్లా అంది. డెబియన్ వాళ్ళు పేరు మార్చి "ఐస్‌వీజిల్" అని పెట్టుకున్నారు. 2016లో గానీ పాత పేరు తిరిగి రాలేదు. ఇది పిసినారితనం అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఎవరు మార్చారో, తప్పొస్తే ఎవరిని అడగాలో వాడేవాడికి తెలియాలి కదా?

ఉద్యోగంలో ఉన్నప్పుడు బిల్లు మీద ఎంత పెద్ద సీలున్నా వోచరు చూడందే పాస్ చేసేవాణ్ణి కాదు. రిటైరయ్యాక సీలు నేనే వేసేశాను, వోచరు లేకుండా!

ఆ పోస్టరు తీసేశాను. తప్పు ఒప్పుకుంటూ కొత్తది పెట్టాను. లోగో లేదు. వ్యాసం లింకు, లైసెన్సు పేరు, అనువాదం నాదన్న మాట, విడిగా చట్టంలోని శిక్షలు ఉన్నాయి. మొదటిదానికి వచ్చినన్ని లైకులు రాలేదు. ఫరవాలేదు. టోనహీ అని ఒకామెను వేలెత్తి చూపేవాణ్ణి "రుజువేదీ?" అని అడగాల్సిన వాళ్ళం మనం. ఆ ప్రశ్న ముందు మన పోస్టర్లకి వేసుకుందాం.