ఆ ముక్క మన ఒంటిదే

రొమ్ములో గడ్డ తీశాక ‘రిపోర్టులో ఇలా వచ్చింది’ అంటారు డాక్టర్లు. రిపోర్టు దానంతటదే రాదు. ముక్కను ఒకరు ఫార్మాలిన్‌లో వేస్తారు, ఒకరు మైనంలో పెట్టి పల్చగా కోస్తారు, ఒకరు రంగు వేస్తారు, మరొకరు మైక్రోస్కోపులో చూసి రాస్తారు. ఇన్ని చేతుల్లో తప్పు ఎక్కడ జరిగినా అనుభవించేది మాత్రం ఒక్కతే.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఏం జరిగిందో చూడండి. రొమ్ము క్యాన్సర్ కణాల్లో హార్మోన్ గ్రాహకాలు ఉన్నాయని తేలితే టామాక్సిఫెన్ లాంటి మందు ఇస్తారు, లేవంటే ఇవ్వరు. 1997 నుంచి 2005 దాకా అక్కడి ల్యాబ్ ‘లేవు’ అన్న నమూనాలను టొరంటోలో మళ్లీ పరీక్షిస్తే 380 మందికి పైగా రోగుల ఫలితం మారిపోయింది. వారిలో ఎందరో అప్పటికే చనిపోయారు. తప్పు 2005లోనే తెలిసినా, అది ఎంత పెద్దదో 2007లో, రోగులు కోర్టుకెక్కాక గాని లోకానికి తెలియలేదు. ల్యాబ్‌లో నాణ్యతను సరిచూసే ఏర్పాటే సరిగా లేదని జస్టిస్ మార్గరెట్ కామెరాన్ విచారణ సంఘం 2009లో తేల్చింది.

‘చెబితే ఆడవాళ్లు భయపడతారు’ అనే సాకు మనకు కొత్తా? మన భయం మీద ఇంత శ్రద్ధ ఉన్నవాళ్లకు మన ప్రాణం మీద ఎందుకు లేదు?

మన దగ్గరికి వద్దాం. పరిశోధన కోసం ఒక జిల్లా ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు, ఒక పెద్దావిడ కోడలి గడ్డను ప్లాస్టిక్ డబ్బాలో పట్టుకుని పట్నం ల్యాబ్‌కు బయలుదేరడం చూశాను. ‘‘ఇందులో ఏం పోశారమ్మా?’’ అని అడిగాను. ‘‘సెలైన్ నీళ్లేనమ్మా, నర్సమ్మ పోసింది’’ అంది. సెలైన్‌లో ఉంచితే కణజాలం పాడవుతుంది. రేపు రిపోర్టు తప్పొస్తే, ఆలస్యంగా తెచ్చావని ఆ అత్తనే తిడతారు!

పాథాలజిస్టుల మీద పనిభారం ఉన్న మాట నిజమే. దానికి ప్రభుత్వాన్ని నిలదీద్దాం, వాళ్లతో కలిసే నిలదీద్దాం. కానీ ఆ భారాన్ని రోగి ఒంటి మీదికి తోసేయడాన్ని ఒప్పుకోలేం.

కేసు కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002లోనే చెప్పింది. రిపోర్టు నకలు అడగండి. స్లైడ్లు, మైనం దిమ్మలు మరో పాథాలజిస్టుకు చూపించుకుంటామని అడగండి. తప్పు బయటపడితే ముందుగా ఆ మనిషికే, ఆమె భాషలో చెప్పాలని మన సంఘాలు పట్టుబట్టాలి. కోసి తీసినా ఆ ముక్క మన ఒంటిదే. దాని సంగతి తెలుసుకునే హక్కూ మనదే.